నేను తీసుకోని గ్లాసు

అక్కా,

నా చేతిరాత చూసి కవరు పక్కన పడేయలేదు కదా. పడేయకపోతే చివరిదాకా చదువు.

మా చర్చిలో నెలనెలా ఇచ్చే ప్రభు రాత్రి భోజనం గ్లాసులు కడిగే పని రెండేళ్లుగా నాదే. చిటికెన వేలంత గ్లాసులు, అరవై నాలుగు. కడిగి, తుడిచి, ద్రాక్షరసం పోసి ట్రేలో సర్దుతాను. తీరా ట్రే నా దగ్గరికి వచ్చేసరికి పక్కావిడకి అందించేస్తాను.

మొదటిసారి పాస్టరమ్మగారు చూసి "ఏమ్మా, నువ్వు తీసుకోలేదే?" అని అడిగారు. షుగరుందని చెప్పాను. ప్రభువు బల్ల ముందు నిలబడి అబద్ధం. అప్పట్నుంచి ఎవరింటికి వెళ్లినా నాకు చక్కెర వేయని టీ ఇస్తున్నారు. నోరు మూసుకుని తాగుతున్నాను.

అసలు సంగతి నీకు తెలుసు. అమ్మ సమాధి దగ్గర అందరి ముందు "బతికుండగా రానిదానివి ఇప్పుడెందుకొచ్చావ్?" అన్నాను. కాలు విరిగి రాలేకపోయావని నాకు తెలుసు. నీ పిండికట్టు చూస్తూనే అన్నాను.

తోబుట్టువుతో సమాధానపడకుండా ఆ బల్ల దగ్గరికి వెళ్లకూడదని సండే స్కూల్లో నాకు నేర్పింది నువ్వే. నువ్వు నేర్పినవాటిలో చాలా మర్చిపోయాను కానీ, ఇదొక్కటి నన్ను వదలడం లేదు.

తప్పు నాదే అక్కా. క్షమించానని రాయమని అడగడానికి మొహం చెల్లడం లేదు. వచ్చే నెల మొదటి ఆదివారం మీ చర్చికి వచ్చి నీ పక్కన కూర్చుంటాను. ట్రే వచ్చినప్పుడు నీ చేత్తో ఒక గ్లాసు నాకివ్వు. ఇవ్వాలనిపించకపోతే నన్ను దాటించి పక్కవాళ్లకి అందించెయ్.

ఆ పై నెల మళ్లీ వచ్చి అక్కడే కూర్చుంటాను.

నీ చెల్లి