పసుపు దీపం మీద స్టిక్కరు

ఒరేయ్ తమ్ముడూ,

నేను డ్యూటీకి బస్సులో వెళ్తున్నాను. కారు తాళాలు ఫ్రిజ్ మీద పెట్టాను. అమ్మని ఫిజియోథెరపీకి తీసుకెళ్లే ముందు నువ్వొక్కడివే టైర్ల షాపుకి వెళ్లి రా. స్పీడోమీటరు పక్కన, టైర్లో గాలి తగ్గితే వెలిగే పసుపు దీపం వెలుగుతోంది. దాని మీద నువ్వు అంటించిన స్టిక్కరు పీకేశాను. కంటికి అడ్డంగా ఉందని దీపాన్ని మూసేస్తారట్రా ఎవరైనా? వెనక ఎడమ టైర్లో గాలి లేదు. చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, నమ్మకు.

గాలి పోయినా కొంత దూరం నడిచే ఈ రన్‌ఫ్లాట్ టైర్లు వేయిద్దామన్నది నువ్వే. తప్పనను. స్టెప్నీ తీసేశాం కాబట్టే అమ్మ చక్రాల కుర్చీ డిక్కీలో పట్టింది. పంక్చరైనా అమ్మని నడిరోడ్డు మీద దించక్కర్లేదు, నెమ్మదిగా షాపు దాకా పోవచ్చు. కానీ ఆ టైర్ల గట్టిదనమంతా అమ్మ నడుముకే తగులుతోంది. పైగా గాలి లేకుండా ఎక్కువ దూరం నడిపిన టైరు లోపల దెబ్బతింటుందని, దానికి ప్యాచ్ వెయ్యనంటాడు షాపతను. నిన్న ఎంత దూరం తిప్పావో అతనికైనా నిజం చెప్పు, నాకు చెప్పకపోతే పోనీలే.

పాలు కాచి ఉంచాను. తాగి వెళ్లు.

అక్క

ఇంకో మాట. గతుకుల్లో నొప్పిగా ఉందా అని అమ్మని అడగకు, బాగానే ఉందంటుంది. తలుపు పైన పిడి పట్టుకుందంటే తట్టుకోలేకపోతోందని అర్థం. మొన్న దారంతా పట్టుకునే ఉంది. టైరుకైనా దీపముందిరా. అమ్మకి ఆ చెయ్యే దీపం. దాన్ని చూసుకుంటూ నడుపు.