గడియ పెట్టని పాట

జూన్ 3. ఉదయం 7:10

ఒకటో రోజు! ఇవాళ్టి నుంచి నలభై రోజులు, ఇంట్లో పుట్టిన మాట ఒక్కటి కూడా నా పాటలోకి వెళ్ళదు. ఒట్టు.

కారణం మా ఆవిడ. పళ్ళ డాక్టరు. పోయిన పాటలో "నేను గుర్తు రావాలంటే కరెంటు పోవాలి" అన్న లైను విని, నిన్న కాఫీ గ్లాసు టక్కున బల్ల మీద పెట్టింది. ఆ మాటతో ఆవిడే నన్ను ఓసారి దెప్పింది మరి.

"రోజుకి ఇరవై మంది నా ముందు నోరు తెరుస్తారు. ఒక్కళ్ళ సంగతైనా బయట చెప్పానా? మీ ముందు నేను నోరు తెరిస్తే చాలు, వారం తిరక్కుండా వీధంతా పాడుతుంది."

"ఇక పాడదు" అన్నాను.

"పాడితే?"

"నీ ఇష్టం."

"అయితే ఇంట్లో మాట్లాడటం మానేస్తాను. ఆలోచించుకోండి."

ఆలోచించేదేముంది? పదిహేనేళ్ళుగా పాటలు రాస్తున్నాను. సొంత మాటలకి కరువా?

నియమాలు: వంటింట్లోకి నోట్‌బుక్ రాకూడదు. ఆవిడ మాట్లాడుతుంటే వినాలి, వినడమే. "ఆ మాట ఇంకోసారి అను" అని అడగకూడదు.

జూన్ 5. సాయంత్రం 4:00

కొత్త పాట వచ్చింది. విరహం. ట్యూను అద్భుతం! సంగీత దర్శకుణ్ణి మేమంతా వెనకాల 'మళ్ళీగారు' అంటాం. ఏం వినిపించినా ఆయన నోట వచ్చేది ఆ ఒక్క మాటే.

ఇవాళ పదకొండు పల్లవులు వినిపించాను. పదకొండూ సొంతం. వెన్నెల, కెరటం, కన్నీటి సంద్రం, అన్నీ దింపాను.

"ఇవన్నీ ఎవరో వాడేసి ఉతికి ఆరేసినవయ్యా" అన్నాడు. "మళ్ళీ!"

జూన్ 8. రాత్రి భోజనమయ్యాక

ఆరో రోజు. భోజనాల దగ్గర ఆవిడ అంది: "పన్ను పీకించుకున్నాక కూడా నాలుక అక్కడికే వెళ్తుంది."

చెయ్యి కదపలేదు! పాటలో వాడను గాక వాడను. ఇక్కడ రాశానంటే, డైరీ పాట కాదు కదా.

జూన్ 12. మధ్యాహ్నం 3:40

పల్లవిలో రెండో లైను కుదరలేదు. పాడే అమ్మాయి నాలుగింటికి ఊరెళ్ళిపోతోంది. మళ్ళీగారు గడియారం చూపించి, "ప్రస్తుతానికి ఏదో ఒక డమ్మీ పడెయ్యి, తర్వాత మారుద్దాం" అన్నాడు. మా పనిలో ఇది మామూలే. ట్యూను నిండటానికి ఏదో ఒకటి రాసిస్తాం, అసలు లైను వచ్చాక దాన్ని తీసేస్తాం.

చేతికి వచ్చింది రాసిచ్చాను.

*ఎదురు చూడటం మానేశాను... గడియ మాత్రం పెట్టలేదు.*

ఏప్రిల్‌లో ఆవిడ పుట్టినరోజున ఒంటిగంటకి భోజనానికి వస్తానని చెప్పి, పాట పనిలో పడి సాయంత్రం ఆరింటికి వెళ్ళాను. తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టగానే ఆవిడ అన్న మాట అది.

డమ్మీ లెక్కలోకి రాదు. ఫోటో కోసం అరువు తెచ్చుకున్న కోటు లాంటిది. రేపు విప్పేయడమే.

జూన్ 14

అసలు లైను పంపాను! "గుండె గుమ్మాన దీపమై ఉన్నాను". మళ్ళీగారు "సరే" అన్నాడు. జీవితంలో మొదటిసారి 'మళ్ళీ' అనలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది.

జూన్ 20. ఉదయం 10:05

పాట విడుదల. దీపం లేదు. గడియ ఉంది!!

10:07. ఫోన్ చేశాను.

"ఆ లైను దగ్గర అమ్మాయి గొంతు వణికిందయ్యా. విన్నావా? మళ్ళీ పిలిచి దీపం పాడమన్నాను. సగంలో ఆపి, టైమెంతైందని అడిగింది. ఏం చెయ్యమంటావు?"

"తీసేయండి."

"మూడు రోజులు చూద్దాం."

ఇక ఒప్పుకోక ఏం చేస్తాను? వాళ్ళు ఉంచారు, నేను ఉంచలేదు. పైగా ఆవిడ పనిగట్టుకుని పాటలు వినదు. డ్రిల్లు చప్పుడులో ఏం వినపడుతుంది?

జూన్ 23

హిట్టు! మామూలు హిట్టు కాదు. మంగలి దువ్వెన ఆపి మరీ పాడాడు. బస్సులో ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎదురింటి తాతగారు నిజంగానే గడియ పెట్టడం మానేశాడట, కొడుకు తిడుతున్నాడు.

రేడియోలో అడిగారు: "ఆ లైను ఎక్కణ్ణుంచి వచ్చింది సార్?"

"ఆకాశం నుంచి రాలింది" అన్నాను.

మరి ఏం చెప్పను? ఇరవై ఒకటో రోజు. ఒకవిధంగా నియమం తప్పలేదు. పాటకోసం రాయలేదు, ఖాళీకోసం రాశాను.

జూన్ 26. సాయంత్రం 6:10

ఆవిడ వచ్చింది. చెప్పులు విప్పింది. ఏం మాట్లాడలేదు. నేను తేలు కుట్టిన దొంగలా నోట్‌బుక్ మూసేశాను.

6:30. క్లినిక్‌లో టోకెన్లిచ్చే అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఒక పేషెంటు నోట్లో దూదితోనే ఏదో రాగం తీసిందట. పుక్కిలించి ఉమ్మేశాక లైను మొత్తం పాడి, "ఎవరు రాశారో గానీ డాక్టరుగారూ, ఆకాశం నుంచి రాలిందట!" అందట.

జూన్ 29

మాటల్లేవు. ఇవాళ 'ఊ'లు రెండు. నిన్న మూడు.

పాట ఊళ్ళన్నీ తిరుగుతోంది. ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆవిడ మాటలు లేకపోతే పాటలు రావని భయపడ్డాను. అది కాదు. పాటలు రాకపోయినా ఫరవాలేదు, కూరలో ఉప్పు ఎక్కువైందని తిట్టినా చాలు. తోడు లేనట్టుంది.

జూలై 2. ఉదయం 11:20

టోకెన్ తీసుకుని క్లినిక్‌లో కూర్చున్నాను. నంబరు తొమ్మిది. పేషెంటుతో ఎలాగూ ఒక్క మాటైనా అనక తప్పదు కదా అని.

"నోరు తెరవండి" అంది.

తెరిచాను. అద్దం పెట్టింది, ఇంకేదో పెట్టింది, దూది కుక్కింది. అప్పుడు మొదలుపెట్టింది.

"నా కోపం మీరు నా మాట వాడుకున్నందుకు కాదు. మీకది కొత్తేం కాదు. ఆకాశం నుంచి రాలిందా? ఆ రోజు రెండు కంచాలు పెట్టుకుని ఆరింటిదాకా కూర్చున్నది ఆకాశం కాదండీ. నేను."

నాకు చెప్పాల్సింది చాలా ఉంది. నోట్లో దూది. కళ్ళు మాత్రం కారాయి.

"నొప్పిగా ఉందా?"

తలూపాను.

"పిప్పి పన్ను. నిజంగానే ఉంది."

జూలై 4. ఉదయం 11:00

రేడియోకి నేనే ఫోన్ చేశాను. క్లినిక్‌లో ఆ టైముకి అదే పెడతారు. "ఆకాశం అన్నది అబద్ధం. అది మా ఆవిడ మాట. పుట్టినరోజు పూట ఒంటిగంటకి వస్తానని చెప్పి, ఆరింటికి వెళ్ళాను" అన్నాను. అవతల పకపకా నవ్వారు. క్లినిక్‌లో మాత్రం డాక్టరుగారు డ్రిల్లు ఆపేశారట.

సాయంత్రం తలుపు తీస్తూనే అంది: "ఊరందరికీ చెప్పమన్నానా?"

ఇంట్లో ఎనిమిది రోజుల తర్వాత మొదటి మాట! తిట్టే. అయినా సరే.

జూలై 5. మధ్యాహ్నం 2:15

ఆదివారం. ఒంటిగంటకి భోజనం అంది. పన్నెండున్నరకే కంచాల ముందు కూర్చున్నాను. ఆవిడ చూసి నవ్వింది. వడ్డిస్తూ ఒక మాట అంది.

ఎంత మాటో! మళ్ళీగారి కొత్త ట్యూనుకి కొలిచి కుట్టినట్టుంది. వింటే ఆయన కుర్చీలోంచి లేస్తాడు.

"ఏంటి అలా చూస్తున్నారు?" అంది.

"ఏం లేదు. వింటున్నాను."

ఆ మాట పాటలో రాయను. ఇక్కడ కూడా రాయను. ఒట్టు.

ఒకటో రోజు. ఇంకా ముప్ఫై తొమ్మిది.