విత్తనమేసే చెయ్యి

అత్తా,

మొన్న వాన పడింది. ట్రాక్టరు దొరక్క ఎద్దులకు విత్తనాల గొర్రు కట్టాం. నువ్వు పోయాక విత్తనమేయడం ఇదే మొదలు. గొర్రు వెనక నీ చోట నేను నడిచాను.

గొర్రు మీది జడ్డిగం గిన్నెలోకి శెనక్కాయ గింజలు వదులుతూ చేతినే చూసుకుంటుంటే అన్నీ ఒకేచోట కుప్పగా పడ్డాయి. "చేతినేమి చూస్తావే, ఎద్దుల్ని చూడు" అనేదానివి. ఎద్దుల్నే చూస్తూ నడిచాను. కాసేపటికి చెయ్యి సంగతే మరిచిపోయాను. జడ్డిగం కింది గొట్టాల్లో గింజలు నీ చేతి నుంచి పడినట్టే ఒక్కొక్కటిగా టకటక పడసాగాయి.

ముందు ఎద్దులను తోలుతున్న నీ కొడుకు ఆ చప్పుడు వింటూ, సాలు చివర వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఆపు అమ్మా, ఎద్దుల్ని మలుపుతాండా."

గింజలు ఆపి, నీ బదులు నేనే "ఊ" అన్నాను.