సైకిల్ దిగని తాత పాఠం

చోవా చూ కాంగ్, సింగపూర్,
14 మార్చి 2001

తెలుగు బడి కార్యదర్శి సుధాకిరణ్ గారికి,

నమస్కారం. క్షమాపణ రాసి పంపమన్నారు. రాయను.

ఆదివారం తరగతిలో నేను చెప్పింది మా తాత కథ. ఆయన మలయా రబ్బరు తోటలో కూలీ. తెల్లదొర ఎదురైతే కూలీలు సైకిల్ దిగి నిలబడాలి. ఒకరోజు తాత దిగలేదు. దొర ఆయన్ని కొట్టించి, కుటుంబాన్నంతా తోటలోంచి వెళ్లగొట్టాడు.

"హౌ కెన్, ఆంటీ? అదెలా కుదురుతుంది? సైకిల్ తాతదే కదా" అంది మన తరగతి అలీనా. పిల్లలంతా ఆ మాటే పట్టుకున్నారు. ఆ పూట చెప్పాల్సిన పద్యం సాగని మాట నిజమే.

"మేం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వచ్చినవాళ్లం, మా పిల్లలకు కూలీల కథలెందుకు?" అని తల్లిదండ్రులు అడిగారట. కిందటేడు మీరు ఫ్లాట్ అద్దెకు అడిగితే, "ఇండియన్లకు ఇవ్వం" అని ఇంటివాళ్లు ఫోన్ పెట్టేశారు. ఆ సంగతి మీరే నాకు చెప్పారు. రేపు మీ అమ్మాయికి అదే ఎదురైతే, తలెత్తి జవాబు చెప్పడం ఆమెకు ఎవరు నేర్పుతారు?

వచ్చే ఆదివారం 1941లో తోట కూలీలు చేసిన సమ్మె గురించి చెబుతాను. గదికి తాళం వేయిస్తే మా ఫ్లాట్ల బ్లాక్ కింద సిమెంటు బల్లల దగ్గర కూర్చుంటాం. పిల్లలకు ఈ మాట ముందే చెప్పాను.

ఇట్లు,
మీ బడి పంతులమ్మ