మెరుపు పొలుసు

అక్కా,

ఇంటర్వ్యూ పోయినందుకే నేను మూతి ముడుచుకున్నానని అమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతోంది. ఆ ఉద్యోగం నాకు మొదట్నుంచీ అక్కర్లేదు. నా ఏడుపంతా మెరుపు పొలుసు గురించి.

ఫోన్ ఆటలో నేను కాలేజీలో చేరినప్పట్నుంచీ పెంచుతున్న బల్లి నీకు తెలుసు, దానికి బుజ్జమ్మ అని పేరు పెట్టిందే నువ్వు. దానికి రెక్కలు రావాలంటే ఆ పొలుసు తినిపించాలి. చెరువు జంతువులతో రెండు నెలలు పోరాడితే ఒక్కటంటే ఒక్కటి రాలింది. నీ ముందే తినిపిద్దామని మీ ఇంటికి తెచ్చి, నువ్వు వంటింట్లోంచి వచ్చేదాకా ఆగాను. ఈలోగా బావగారు "ఏదీ, ఓసారి చూడనీ మరదలా" అంటూ ఫోన్ లాక్కుని, ఆటలో ఊరికే వచ్చిన తాబేలుకి దాన్ని తినిపించేశారు. పైగా "చూశావా, ఎంత పెద్దదైందో!" అని మురిసిపోయారు.

"పోతే పోయిందిలే, ఇంకోటి తెచ్చుకో" అని నువ్వు రాశావు. దుమ్ము తుడుస్తూ చదరంగం బల్ల మీద ఒక్క పావు జరిపావని ఆయన నీతో మూడు రోజులు మాట్లాడలేదే, అప్పుడు ఆయనకెందుకు చెప్పలేదు ఆ మాట?

ఆదివారం భోజనానికి నేను రావడం లేదు. బుజ్జమ్మకి రెక్కలొచ్చేదాకా మీ గుమ్మం తొక్కను.

నీ చెల్లెలు