రెయిలింగు వదిలింది

తమ్ముడూ, నీ కూతురు నా దగ్గర కులాసాగా ఉంది, బెంగపడకు.

తల్లి పోయాక నోరు విప్పని పిల్ల కదా, ధ్యాస మళ్ళుతుందని మంచు మీద స్కేటింగు నేర్పేచోట చేర్పించాను. వారమంతా రెయిలింగు పట్టుకుని మాస్టారి మాటలు వినడమే. నిన్న నేనూ ఆ బూట్లు కట్టుకుని దిగాను. దిగీదిగగానే చతికిలబడ్డాను. అది రెయిలింగు వదిలేసి, చిన్నచిన్న అడుగులేసుకుంటూ నా దగ్గరికొచ్చేసింది.

"మోకాళ్ళు వంచత్తా. కిందికి చూడకు, తిరగాల్సిన వైపు చూడు" అంది.

చేతులు పట్టుకుని ఇద్దరం ఎలాగో ఒక మలుపు తిరిగాం. ఇంటికొచ్చేదాకా కబుర్లే కబుర్లు.

వంటింటి కుళాయి బాగుచేయించావా? వచ్చేటప్పుడు పిల్ల ఉన్ని మేజోళ్ళు తీసుకురా. వేళకు తిను. ఈ స్కేటింగు సంగతి నీకు తనే చెప్తుందట, ఏమీ తెలియనట్టు విను.

దీవెనలతో,
అక్క