గాజులు లేని చేతులు

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి నేను మేడ్చల్‌లో ఒక ఆసుపత్రిలో చేరాను. నిన్న ఆపరేషన్ అయింది, బాగానే ఉన్నాను.

ఈ ఉదయం నర్సు వచ్చి రోగుల అభిప్రాయం అడిగింది. క్రిములు అంటకుండా ఇక్కడి సిబ్బంది గాజులు, ఉంగరాలు, గడియారాలు తీసేసి పనిచేస్తున్నారు. అది మాకు నచ్చిందా అని.

పక్క మంచంలోని శామీర్‌పేట పెద్దమ్మకు రేపు ఆపరేషన్. "ఏం మంచిగుంటది బిడ్డా? బోసి చేతులతోని ముట్టుకుంటే పానం గాబరైతాంది," అంది.

అచ్చం నీ మాటే. పోయినేడు ఆసుపత్రిలో నీ ఆపరేషన్ గాయానికి కట్టు మార్చే నర్సును, "పెండ్లయిన పిల్లవు, గాజులేవి?" అని అడిగి, నీ గాజులు రెండు తీసి తొడిగావు. ఆమె కాదనలేక వాటితోనే కట్టు కట్టింది. నేను పక్కనే నిలబడి మురిసిపోయాను. తర్వాత గాయానికి చీము పట్టింది. నువ్వు ఇంటికి రాలేదు. గాజుల వల్లేనని ఎవరూ అనలేదు. నేనూ అనను. కానీ ఆ రోజు వద్దని చెప్పాల్సింది.

"గాజులు వద్దనే రాయండి సిస్టర్," అన్నాను. పెద్దమ్మ వైపు తిరిగి, "మా అమ్మ గూడ నీ లెక్కనే అన్నది. గాజులు ఇంటికాడ ఏసుకుంటరు పెద్దమ్మా. ఈడ చేతులు సుబ్బరంగ ఉండాలె," అన్నాను.

ఆమె నర్సు బోసి చేతుల వైపు చూసింది. "అయితే నాది గూడ గట్లనే రాయి," అని నర్సుకు చెప్పి, నన్ను అడిగింది: "మీ అమ్మ ఇప్పుడు మంచిగున్నదా బిడ్డా?"

రేపు ఆపరేషన్ ఉన్న మనిషికి ఏం చెప్పను?

"మంచిగున్నది పెద్దమ్మా," అన్నాను.